చెల్లికంటే చిన్నదైన అక్క

నీలితొట్టి వాకిలి నుంచి

చిన్నదానికి, మీ అక్క చెప్తుంటే పక్కింటి నర్సమ్మ రాస్తున్నది.

నేను బాగున్నాను, నువ్వు బాగుండాలి. ఈ ముక్క ముందు లేకపోతే అది ఉత్తరమే కాదని నర్సమ్మ అంటే రాయించాను. బాగున్నానో లేదో కిందకి చదివితే నీకే తెలుస్తుంది.

"నేను రాలేను, ఈసారి నువ్వే రా అక్కా" అని రాశావు. ఎందుకు రాలేవో రాయలేదు. హోటలు బట్టలు ఉతికే పనికని నువ్వు ఆ దేశం వెళ్ళిననాడు నీ జడ నడుం దాటి ఉండేది. అక్కడే పెళ్ళి చేసుకున్నావు. ఆయన పోయాడు. నీ జడ తెల్లబడిందని ఫోటోలో చూశాను. ఫోటోలో చూడటం ఒక చూడటమా? ఫోను చెయ్యమంటావు. ఫోనులో నీ మాట నా చెవికి చేరేసరికి గాలే మిగులుతుంది. కాగితమైతే దిండు కింద పెట్టుకుంటాను. అందుకని వస్తాను. వస్తానన్నానంటే వస్తాను, నా సంగతి నీకు తెలుసు.

అయితే ఒసేయ్, ఇంకో దేశం వెళ్ళడమంటే టికెట్టు కొనుక్కుని ఎక్కి కూర్చోవడమే అనుకున్నాను. ముందు పాస్‌పోర్టు అన్నారు. అది పోస్టులో వచ్చింది. అరచేతంత పుస్తకం, తెరిచి చూస్తే లోపలంతా ఖాళీ. "ఖాళీ కాగితాలకు ఇంత డబ్బు గుంజారేమయ్యా?" అని పోస్టు మనిషిని నిలదీశాను. "ఆ ఖాళీలోనే దేశాలన్నీ ఉంటాయి పెద్దమ్మా" అన్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ దాన్ని ఎక్కడ పడితే అక్కడ పెట్టలేకపోతున్నాను.

తర్వాత వీసా. దాన్ని అడిగే చోటు ఒక అద్దాల మేడ. ఎదురుగా నిలబడ్డానో లేదో తలుపు తనంతట తానే పక్కకు జరిగింది. నన్ను చూసి జరిగిందనుకుని "చల్లగా ఉండు తల్లీ" అని దీవించాను. నా వెనకాల వచ్చినవాడికీ అలాగే జరిగింది. దీవెన వెనక్కి తీసుకోలేం కదా, పోనీలే అనుకున్నాను.

లోపల నిండా మనుషులే. ఒక్కరి నోటా మాట లేదు. పసిబిడ్డల్ని పెట్టుకున్నట్టు అందరి ఒళ్ళోనూ ఫైళ్ళు. ఎవరి నంబరు పిలిస్తే వాళ్ళు ఉలిక్కిపడి లేస్తున్నారు. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు, సూట్లు వేసుకున్నవాళ్ళు కూడా. అందరం ఒక్కలాగే భయపడ్డాం. నేను పడలేదు. (పడింది. నా చెయ్యి వదల్లేదు. ఇది నర్సమ్మ మాట.)

వేలిముద్రల దగ్గర ఒక అమ్మాయి "చేతులు కడుక్కుని రా అమ్మమ్మా" అంది. కడిగానన్నాను. "సబ్బుతో కడుక్కో" అంది. "సబ్బు అరుగుతుంది గానీ ఇది పోదు తల్లీ. ఇది మరక కాదు, నా చెయ్యి" అన్నాను. నీలిరంగు అద్దేదాని చెయ్యి నీలంగా ఉండక ఇంకెలా ఉంటుంది? అప్పుడా అమ్మాయి నా వేలు అద్దం మీద పెట్టింది. కింద ఒక పచ్చటి వెలుగు పాక్కుంటూ వెళ్ళింది. ఎదురుగా తెర మీద నా వేలు, గుమ్మమంత! దాని మీద దున్నిన పొలంలాగా చాళ్ళు, చుట్లు తిరిగి తిరిగి నడిమధ్యకు పోతున్నాయి. ఎన్ని బట్టలకు అచ్చు వేశానే నేను! నాకూ ఒకరు అచ్చు వేసి పంపించారని ఈ వయసుకు తెలిసింది.

డబ్బు సంగతి అడగకు. ఫోటోకి, కాగితాలు వాళ్ళ భాషలోకి మార్చడానికి, బ్యాంకు ముద్రకి, దారిలో చస్తే పనికొచ్చే బీమాకి. అన్నింటికీ మించి వీసా ఫీజు. ఇచ్చినా సరే, ఇవ్వకపోయినా సరే తిరిగి రాదట. మన వీధిలో సొరకాయలమ్మేవాడు కూడా కాయ చేదైతే మార్చి ఇంకోటి ఇస్తాడు. ఆ మాట అక్కడే అన్నాను. అందరూ తలలు దించుకుని నవ్వారు. ఆ మేడలో మొదటి చప్పుడు అదే.

ఇంకేం కావాలో రాయి. ఎందుకు రాలేవో కూడా రాయి.

మీ అక్క



మూడో అంతస్తు గది నుంచి

అక్కకు,

నువ్వు తలుపును దీవించావని చదివి నవ్వుకున్నాను. ఎదురుగా ఎవరూ లేకపోయినా గట్టిగానే నవ్వాను.

ఆహ్వానం కాగితం, నా ఇంటి అద్దె కాగితం, నా బ్యాంకు కాగితం పంపుతున్నాను. నువ్వు నా దగ్గరే ఉంటావని, నీ ఖర్చు నాదని వాటిలో ఉంది. నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో ఇలాంటివి ఎన్నో పట్టుకుని తిరిగాను. అప్పుడు ఒకామె చెప్పింది: అడిగినదానికే జవాబు చెప్పు, అడగనిది చెప్పకు. అదే నీకూ చెప్తున్నాను. చెప్పి ప్రయోజనం లేదని తెలిసీ చెప్తున్నాను. మరీ కోప్పడకు. వాళ్ళు రోజూ ఎంతమందిని చూస్తారో.

నేను ఎందుకు రాలేనంటే, ఇక్కడి పనులు ఒక పట్టాన తెమలవు. వచ్చాక నీకే తెలుస్తుంది.

తొట్టి ఎలా ఉంది? నురుగు బాగా వస్తోందా?

చిన్నది



నీలితొట్టి వాకిలి నుంచి

చిన్నదానికి,

ఇవ్వలేదు.

నర్సమ్మ ఆ కాగితం మూడుసార్లు చదివి వినిపించింది. చివరిసారికైనా మారుతుందేమోనని నేనే చదివించాను. నువ్వూ నేనూ తోబుట్టువులమని నమ్మడానికి ఆధారం లేదట! ఎందుకు లేదో విను. నా గుర్తింపు కార్డు చేసినప్పుడు ఆ గుమాస్తా "ఎప్పుడు పుట్టావు?" అన్నాడు. "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అన్నాను. వాడు తల గోక్కుని నా ముఖం చూసి ఏదో ఏడు వేశాడు. మన వీధి వీధంతా ఆ కార్డుల్లో ఒకే రోజున పుట్టింది, అది వేరే సంగతి. నా ముఖం మీద ముడతలు లేవు కదా, నన్ను చిన్నదాన్ని చేశాడు. నీ కాగితాల్లో మీ ఆయన ఉజ్జాయింపుగా ఇంకేదో రాశాడు. రెండూ పక్కపక్కన పెడితే ఏమైందో తెలుసా? నేను నీకంటే నాలుగు నెలలు చిన్నదాన్ని!

నిన్ను చంకనేసుకుని ఊరంతా తిప్పిన నేను, నీ ముక్కు తుడిచిన నేను, నీకంటే చిన్నట! పోనీ చిన్నదాన్నే అనుకో. ఒక్క తల్లి కడుపున నాలుగు నెలల తేడాతో ఇద్దరు పుడతారా? మన అమ్మ పరువు ఏ గంగలో కలుపుతున్నారే వీళ్ళు?

ఇంకోటి కూడా రాశారు. నేను తిరిగి వస్తానన్న నమ్మకం వాళ్ళకు కలగలేదట. మొగుడు లేడు, పిల్లలు లేరు, పొలం లేదు, ఉద్యోగం లేదు. అన్ని గడుల్లోనూ 'లేదు' అని నర్సమ్మ చేత నేనే రాయించాను కదా. తొట్టి అని రాయడానికి గడి లేదు. మన అమ్మమ్మ నాటి నుంచి ఒక్కనాడూ అడుగు కనబడని తొట్టి. రోజూ తవుడు వేసి, సున్నం కలిపి, వాసన చూసి, పసిపిల్లకు పెట్టినట్టు పెట్టకపోతే చచ్చిపోయే తొట్టి. దానికి గడి లేదు!

సరే. మళ్ళీ పెడతాను. ఫీజు మళ్ళీ కడతాను. నీళ్ళు కాచుకునే రాగి గంగాళం ఉంది కదా, ఇప్పుడు లేదు.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. నాకు అక్షరం రాదు. రాకపోయినా అక్షరాల ఆకారం కళ్ళకు కనబడుతుంది కదా. దిండు కింద నుంచి నీ ఉత్తరాలన్నీ తీసి నేల మీద వరసగా పరిచాను. పాతవాటిలో నీ రాత చీమల బారు. పోను పోను లావెక్కింది. ఇప్పుడు వచ్చినదాంట్లో ఒక్కొక్కటీ పేడపురుగంత. ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి కూడా. నర్సమ్మ చదువుతూ తడుముకుంది. ఏమిటే అంటే ఏమీ లేదంది. నర్సమ్మ ఏమీ లేదందంటే ఏదో ఉందని.

నీకేమైంది? చేతికా, కంటికా? అడిగినదానికే జవాబు చెప్పు.

మీ అక్క



మూడో అంతస్తు గది నుంచి

అక్కకు,

కంటికి.

ఎవరూ కనిపెట్టలేదు. నాతో పనిచేసినవాళ్ళు, కింద రొట్టెల కొట్టు ఆవిడ, ఎవరూ. చదవడం రానిదానివి నువ్వు కనిపెట్టావు.

మొదట గోడ మీద గీతలు వంకరగా కనిపించాయి. ఇల్లు పాతది కదా, గోడే వంగిందనుకున్నాను. తర్వాత కిటికీ వంగింది, ఎదురింటి మేడ వంగింది. ఊరంతా ఎందుకు వంగుతుందని అప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కంటి వెనక పొర అరిగిపోతోందట. చూపులో సరిగ్గా నడిమధ్యన ఒక బూడిదరంగు మచ్చ. నేను దేన్ని చూడబోతే దాని మీదికే వచ్చి కూర్చుంటుంది. అంచులు ఉంటాయంటున్నారు. మధ్య మాత్రం ఉండదు. కంట్లో సూదిమందు వేస్తున్నారు. అది వరస తప్పకూడదు. అందుకే రాలేనన్నాను. ఒంటరిగా అంత దూరం ఇక రాలేను కూడా.

నీకు చెప్పకూడదని కాదు. చెబితే నువ్వు ఇల్లు తగలబెట్టయినా బయలుదేరతావు. మామూలుగా వస్తావనుకున్నాను.

నా కాగితాల్లో పుట్టినరోజు మార్పిస్తాను. కానీ ఇక్కడ అది కదిపితే, ఇన్నేళ్ళూ నేను చూపిన కాగితాలన్నీ మళ్ళీ తెరుస్తారట. అబద్ధం చెప్పావంటారేమో. పంపించేస్తారేమో. అయినా ప్రయత్నిస్తాను.

మబ్బు లేని రోజున కిటికీ దగ్గర కూర్చుంటే ఇంకా చాలా కనబడుతుంది అక్కా. దుమ్ము వెలుగులో ఎగురుతుంది చూడు, అది ఇంత అందంగా ఉంటుందని చూపు బాగున్ననాడు నాకు తెలీదు.

చిన్నది



నీలితొట్టి వాకిలి నుంచి

చిన్నదానికి,

నీ కాగితాలు ముట్టుకున్నావంటే నేను వచ్చి నీ చెయ్యి విరుస్తాను. ఆ సూది వేసే దేశం నుంచి నిన్ను కదలనివ్వను. నా కాగితమే మారుస్తాను. నా వయసు నాకు తెచ్చుకుంటాను. ఈ వయసు ఊరికే వచ్చిందా, ఒక్కొక్క ఏడూ పడి పడి సంపాదించుకున్నదే కదా!

కార్డులో పుట్టిన ఏడు మార్చాలంటే రెండు కావాలట. ఒకటి, నా ఒళ్ళు చూసి డాక్టరు ఇచ్చే వయసు కాగితం. రెండు, నాకంటే పెద్దవాళ్ళెవరైనా, నేను పుట్టగా చూసినవాళ్ళు, ఆఫీసులో నిలబడి చెప్పాలి.

డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఆ ఫిలిము దీపానికి అడ్డం పెట్టి "చూడమ్మా, నువ్వే" అన్నాడు. చిన్నదానా, చీకట్లో నేను తెల్లగా ఉన్నాను. పక్కటెముకలు, వెన్ను, భుజాలు. నా చేతి ఎముకలు చూశాను. వాటికి నీలం అంటలేదు! ఇన్నేళ్ళ నీలం లోపలికి వెళ్ళిందేమో అనుకునేదాన్ని. లోపల అన్నీ వెలుగే. "నేను పుట్టినప్పటి నుంచీ ఈమె నా లోపల ఇలాగే నిలబడి ఉందా?" అని అడిగాను. డాక్టరు నవ్వలేదు. "ఉంది" అన్నాడు. ఆ కాగితం మీద కార్డులో ఉన్న వయసుకంటే బాగా పెద్దదని రాసిచ్చాడు. ఇంత సంతోషంగా ముసలిదాన్నయినది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక సాక్షి. నేను పుట్టగా చూసినవాళ్ళు అందరూ పోయారు, ఒక్కతి తప్ప. ఆ ఒక్కతీ ఎవరో నీకు తెలుసు. ఎర్రది. మన వీధి చివర ఎర్రరంగు అద్దేది. నేను అద్దిన బట్ట మీద దాని ఎర్రచుక్క పడ్డ దగ్గర్నుంచీ దాని ముఖం చూడలేదు. అది ఆ పక్క నడిస్తే నేను ఈ పక్క నడుస్తాను. నీ కోసం వెళ్ళాను. ఈ మాట గుర్తుపెట్టుకో, నీ కోసం.

గుమ్మంలో కూర్చుని బట్ట పిండుతోంది. తల ఎత్తకుండానే, "ఎవరే అది, ఎండకు అడ్డం?" అంది.

"నేనే."

"నేనంటే?"

"నీకు తెలుసు."

"తెలుసు. నీ నోటితో విందామని."

"నేను పుట్టినప్పుడు నీకెన్నేళ్ళే?" అన్నాను.

"నీ ఏడుపు విని మంచం కింద దూరే ఏళ్ళు."

"మా చిన్నది పుట్టినప్పుడు నేనెంత?"

అప్పుడు తల ఎత్తింది. "నీకు పాలపళ్ళు ఊడుతున్నాయి. కొత్తపిల్ల వద్దు, ఎవరికైనా ఇచ్చేయండని వీధి అదిరేలా ఏడ్చావు. ఎవరూ వినలేదు. నువ్వే దాన్ని గంపలో పెట్టుకుని మా ఇంటికి తెచ్చి, తీసుకోండి, బాగానే ఉంది, కొరకదు అన్నావు. మా అమ్మ నవ్వలేక చచ్చింది."

ఇందులో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. నీ మీద ఒట్టు.

"ఆఫీసులో ఇదే చెప్తావా?" అన్నాను.

"చెప్తాను. ఊరికే కాదు."

"ఎంత?"

"డబ్బెవరికి కావాలే! నువ్వు వెళ్ళినన్నాళ్ళూ తొట్టి నాకివ్వు."

దాని చెయ్యి, ఆ ఎర్రచెయ్యి, నా తొట్టిలో! "చస్తే ఇవ్వను" అన్నాను. "అయితే చిన్నదిగానే చావు" అంది. వీధి సగం వరకూ వచ్చేశాను. నీ గోడలు వంగడం గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళాను. "ఇస్తాను" అన్నాను.

ఆఫీసులో ఎర్రది నిలబడి గంప సంగతి చెప్తుంటే రాసుకునే మనిషి కలం ఆపేశాడు. వరసలో నిలబడ్డవాళ్ళు కూడా దగ్గరికి వచ్చారు. "అంతా రాయాలా?" అని తన పైఆయన్ని అడిగాడు. "అంతా రాయి" అన్నాడు ఆయన. కాబట్టి ఇప్పుడు సర్కారు కాగితం మీద, ముద్రతో, నేను నీకంటే పెద్దదాన్ని. నిన్ను గంపలో పెట్టి ఇచ్చేయబోయానని కూడా ఉంది.

మళ్ళీ దరఖాస్తు పెట్టాం. ఈసారి మనిషిని పిలిచి మాట్లాడతారట.

మీ అక్క



మూడో అంతస్తు గది నుంచి

అక్కకు,

గంప సంగతి నాకెవరూ చెప్పలేదే!

ఎక్కువ రాయలేను. కాగితానికి కొన్ని మాటలే పడుతున్నాయి. ముఖాలు పోయాయి. మనిషి వస్తాడు, మెడ వరకు వస్తాడు, మీద ఒక మబ్బు.

త్వరగా రా అని రాయను. రాస్తే అక్కడ ఎవరితోనో పోట్లాడతావు.

రా.

చిన్నది



నీలితొట్టి వాకిలి నుంచి

చిన్నదానికి,

పోట్లాడాను. ముందు అంతా విను.

గాజు కిటికీకి అవతల ఒక తెల్లటి ఆయన. ఇవతల నా పక్కన మాట మార్చి చెప్పే అమ్మాయి. నర్సమ్మను లోపలికి రానివ్వలేదు. నువ్వు రాసిన మాట నెమరేసుకుంటూ కూర్చున్నాను, అడిగినదానికే జవాబు, అడిగినదానికే జవాబు.

"ఎందుకు వెళ్తున్నారు?" అన్నారు.

"మా చెల్లి కోసం."

"ఫోనులో చూడొచ్చు కదా?"

"నేను దాన్ని చూడటం కాదు నాయనా. అది నన్ను చూడాలి. దాని చూపు పోతోంది. మీ దేశంలో మంచి సూది వేస్తున్నారు, మీ పిల్లాపాపా చల్లగా ఉండాలి. సూది సూదే. అక్క అక్కే."

ఆ అమ్మాయి అది వాళ్ళ భాషలో చెప్పేసరికి చాలా చిన్నదైపోయింది. అంతా చెప్పావా అని అడిగాను. చెప్పానంది.

"తిరిగి రావడానికి మీకు ఇక్కడ ఏముంది?"

తొట్టి అన్నాను. తొట్టి అంటే ఏమిటని అడిగాడు. అడిగాడు కదా, చెప్పాను. బట్ట లోపలికి తెల్లగా పోతుంది, పైకి ఆకుపచ్చగా వస్తుంది. లేత ఆకు ఎలా ఉంటుందో అలా. అలా పట్టుకుని నిలబడితే గాలి తగులుతుంది. తగిలినచోటల్లా నీలం పుడుతుంది. అంచు నుంచి మొదలై నీ కళ్ళముందే పాకుతుంది. ఎవరూ ముట్టుకోరు, ఏదీ వేయరు. ఊరికే గాలి. ఇదంతా చేతులు తిప్పుతూ చెప్పాను. అప్పటిదాకా కంప్యూటరు మీద టక టకమని కొడుతున్న ఆయన చేతులు ఆగాయి.

"ఎందుకలా అవుతుంది?" అన్నాడు. ఆయన సొంతానికే అడిగాడని నాకు అర్థమైంది.

"తెలీదు నాయనా. పుట్టిందగ్గర్నుంచీ చూస్తున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి ఊపిరి తీసుకోవడం మరిచిపోతాను" అన్నాను.

తర్వాత మళ్ళీ ఆఫీసరయ్యాడు. "మీరు లేనప్పుడు దాన్ని ఎవరు చూస్తారు?"

"ఎర్రది."

"ఆమె బాగా చూసుకుంటే మీరు తిరిగి రానక్కరలేదు కదా?"

అప్పుడు వచ్చింది నాకు కోపం. "ఆవిడ బాగా చూసుకోవడమేమిటి! బాబూ, ఆవిడ నా శత్రువు. నా ప్రాణం తీసుకెళ్ళి శత్రువు చేతిలో పెట్టి వస్తున్నాను. అది అందులో ఎంత సున్నం పోస్తుందో, ఏ ఎర్రగుడ్డ ముంచుతుందో. అలాంటప్పుడు నేను మీ దేశంలో కూర్చుంటానా? మీరు ఉండమని కాళ్ళు పట్టుకున్నా ఉంటానా?"

మాట మార్చే అమ్మాయి నవ్వు ఆపుకోలేక కొంగు... కాదు, రుమాలు అడ్డం పెట్టుకుంది. ఆయన ఆగాడు. ఆ అమ్మాయి చెప్పింది. ఆయన నవ్వలేదు. కాగితాలు తిరగేసి ఏదో అడిగాడు.

"ఏమంటున్నాడమ్మా?"

"మీ ఇద్దరిలో ఎవరు పెద్ద అంటున్నారు."

"నేను!" అన్నాను. గాజు మీద అరచేత్తో కొట్టాను. "నేను పెద్ద! నేనే!" తుపాకీ పట్టుకున్నవాడు ఒకడు పరిగెత్తుకొచ్చాడు. ఆ కిటికీ ఆయన వద్దని చెయ్యి ఊపాడు.

అంతే, పంపించేశారు. ఇచ్చారో లేదో చెప్పలేదు. దారంతా నర్సమ్మ నన్ను తిట్టింది, నేను ఆమెను తిట్టాను. ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో అడగకు. తొట్టి కూడా ముభావంగా ఉంది, నురుగు లేదు.

పోస్టు మనిషి వచ్చి కవరు ఇచ్చి అక్కడే నిలబడ్డాడు. తెరిచేదాకా పోనన్నాడు. పాస్‌పోర్టు చేతిలోకి రాగానే నాకు ధైర్యం పోయింది. నర్సమ్మ తెరిచింది. ఖాళీ కాగితాల మధ్య, ఒకటి ఖాళీగా లేదు.

నిజంగా ఉందే! ఒకే ఒక్క కాగితం, దాని మీద ఎన్నో రంగుల సన్నటి గీతలు, సాలెగూడులా. ఇటు వంచితే ఒక పక్షి, అటు వంచితే ఒక ఇల్లు. పెద్దగా నా ముఖం, పక్కనే నీటిలో నీడలాగా చిన్నగా మళ్ళీ నా ముఖం. ఇంత పల్చటిది సముద్రాన్ని పక్కకు జరగమంటుందట. అది జరుగుతుందట. పోస్టు మనిషి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎందుకో వాడికీ తెలీదు.

ఎర్రదాన్ని పిలిచి తొట్టి చూపించాను. తవుడు ఎప్పుడు, సున్నం ఎంత, వాసన ఎలా ఉంటే మంచిది, ఎలా ఉంటే చెడ్డది, అన్నీ. "తెలుసులేవే" అంటూనే ఉంది. మోచేతి వరకు ముంచి బట్ట పైకి తీసింది. ఆకుపచ్చ. గాలి. నీలం. బట్ట అంతా నీలం తిరిగేదాకా అలాగే పట్టుకుని నిలబడింది. "మా ఎర్రరంగు ఇలా చెయ్యదే" అంది చివరికి, చిన్నపిల్లలాగా.

బయలుదేరుతున్నాను. నువ్వు మెట్లు దిగి రావద్దు. వెళ్ళినచోట ఎవరినైనా అడుగుతాను. నాకు భాష రాదు, గొంతు ఉంది.

మీ అక్క



మూడో అంతస్తు గది నుంచి

నర్సమ్మకు,

చెప్పేది నేను. రాసేది చిన్నది. దాని చూపు ఇప్పుడు అక్షరానికి ఆనడం లేదు, నాకు అక్షరం రాదు. మరి ఎలా రాస్తున్నామంటావా? దాని మణికట్టు నేను పట్టుకున్నాను. "ఇంక గీత అయిపోయింది, కిందికి దిగు" అంటాను, దిగుతుంది. "పైదాని మీదికి ఎక్కుతున్నావు, జరుగు" అంటాను, జరుగుతుంది. అది ఏం రాస్తోందో నాకు తెలీదు, అది రాసింది ఎలా ఉందో దానికి తెలీదు. నల్లగా, తిన్నగా పడుతున్నాయి మటుకు. నీకు అర్థమైతే ఇద్దరికీ చెయ్యి తిరిగినట్టే.

విమానం సంగతి వచ్చాక చెప్తాను. మబ్బుల్ని పైనుంచి చూశాను. ఇంతకాలం వాటి అడుగే చూస్తూ బతికానని తెలిసింది.

తలుపు నేను కొట్టగానే తీసింది. తీసి, నా ముఖం చూడకుండా నా చెవి వైపు చూస్తూ నిలబడింది. "ఎటు చూస్తావే, నేనిక్కడుంటే?" అని అరిచాను. "కదలకు అక్కా" అంది. "పక్కకు చూస్తేనే నువ్వు కనిపిస్తావు. మధ్యలో మచ్చ ఉంది, అంచులో నువ్వున్నావు." నేను కదల్లేదు. నర్సమ్మా, నన్ను ఎవరూ ఎప్పుడూ అంతసేపు చూడలేదు. నా చెవి మీద చూపు నిలిపి, ముక్కు, గడ్డం, కణతలు, ఒక్కొక్కటీ లెక్కపెడుతున్నట్టు. సంచీ చేతిలోనే ఉంది, కింద పెట్టలేదు. పెడితే కదిలినట్టవుతుందని.

"ముడతలు లేవనుకున్నానే, ఉన్నాయి" అంది.

"పెద్దదాన్ని కదే" అన్నాను.

ఎర్రదానికి చెప్పు, నేను ఉండేది కొన్నాళ్ళే, లెక్క ఆ వీసా కాగితం మీదే ఉంది, వచ్చి వాసన చూస్తానని.

ఇక్కడి నుంచి నేను, చిన్నదాన్ని, రాస్తున్నాను నర్సమ్మగారూ. చెప్పేది కూడా నేనే. అక్క "కాగితం అంచుకొచ్చింది, ఆపు" అంటోంది. ఇంకెంత చోటుందో చూడమన్నాను. వంగి చూస్తోంది. ఒక్క మాట పడుతుందట.

వచ్చింది.